వాడిన పూలు

ఆఫీసులో ఏసీ పైపు కింద బకెట్ పెట్టారు. అందులో చుక్కలు పడే చప్పుడు వింటుంటే బహ్రెయిన్‌లో, నయీమ్‌లోని మా ఒంటిగది, కిటికీ దగ్గరి అజేలియా మొక్క గుర్తొచ్చాయి.

నాన్న తోటపని చేసే విల్లాలో పూలు అయిపోగానే పారేసిన కుండీ అది. చలిదేశపు మొక్క. కుళాయిలో వచ్చే ఉప్పునీళ్లకు ఆకులు మాడిపోతుంటే, అమ్మ ఏసీ నీళ్లు పట్టి పోసి బతికించింది. మరుసటి ఏడు గులాబీరంగులో విరగబూసింది.

"వాడినయి తెంపాలె. అట్లయితేనే మల్లొచ్చే ఏడు మంచిగ పూస్తది," అన్నాడు నాన్న. అమ్మ రోజూ సాయంత్రం కూర్చుని వాటిని గిల్లేసేది.

ఆ తర్వాతి ఏడు మాత్రం పూలు వాడి, తడిసిన కాగితాల్లా కొమ్మలకు అంటుకుపోయినా ముట్టుకోలేదు.

"తెంపవా అమ్మా?"

"ఉండనియ్ బిడ్డా," అంది, నా బట్టలు పెట్టెలో సర్దుతూ.

పూల మీద జాలిపడిందనుకున్నాను. సెలవులకు ఊరికి పోతున్నామనే నాకు చెప్పారు. తిరిగొచ్చాక కావాలని, ఈసా టౌన్‌లో నేను చదివే బడి పుస్తకాలు మంచం కింద దాచాను. మమ్మల్ని విమానం ఎక్కించి, నాన్న ఆ గది ఖాళీ చేసి పనివాళ్లుండే క్యాంపుకు మారాడని చాలా రోజులకు గానీ తెలియలేదు.

మళ్లీ పూసేనాటికి మేమక్కడ ఉండబోమని అమ్మకు తెలుసు. అయినా బయలుదేరే రోజు పొద్దున, ఎప్పటిలాగే, ఏసీ కింద నిండిన మగ్గు తెచ్చి కుండీలో పోసింది.