తట్టి చూసే దొరస్వామి

మా దొరస్వామి సారు తట్టి చూడనిదే దేన్నీ నమ్మడు. తలుపైనా, తపేలా అయినా, బస్సు కిటికీ అయినా సరే, వేలి కణుపుతో టక్కుమని ఒకటిచ్చి చెవి వంచి వింటాడు. ఒకసారి దగ్గు వచ్చి ఆసుపత్రికి పోతే డాక్టరు ఆయన వీపు తట్టి చూశాడట. "ఎన్ని హెర్ట్జులు వచ్చినాయి అబ్బా?" అని ఈయన ఆత్రంగా అడిగాడు.

పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసు తట్టి, "మోత శానా బాగుండాది" అన్నాడట. "నా గురించి ఒక్క మాటా అన్లేదు. ఆ గ్లాసునే చేసుకోని ఉండాల్సింది" అని వాళ్లావిడ పంకజాక్షి ఇప్పటికీ దెప్పుతుంది.

తిరుపతిలో మాదొక చిన్న ఆఫీసు. ఏ యంత్రం ఎక్కడ విరుగుతుందో, ఎంత ఊగుతుందో కంప్యూటరు మీద ముందే లెక్కగట్టి చెప్పడం మా పని. మాలో సీనియరైన సారు పొద్దున్నే పదకొండు బల్లలూ వరసగా తట్టి గానీ తన కుర్చీలో కూర్చోడు. విసుగెత్తి ఒకరోజు నేను నా బల్ల మీద 'తట్టరాదు' అని కాగితం అతికించాను. ఆ కాగితాన్నే తట్టి పోయాడు మహానుభావుడు.

మొన్న మామిడికాయల కాలంలో వడమాలపేట దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీ పని కోమలికి వచ్చింది. ఆ పిల్ల చేరి ఆరు నెలలు. ఈ రిపోర్టు బాగుంటేనే ఉద్యోగం పర్మినెంటు. గుజ్జు తీసే మిషను స్టాండు ఎంత ఊగుతుందో చెప్పాలి. కోమలి లెక్కలో మూడు వందల నలభై మిల్లీమీటర్లని తేలింది!

మా మేనేజరు మునిప్రసాద్ చిందులు తొక్కాడు. "అడుగుకు పైన ఊగితే ఆ మిషను గోడ దూకి పుత్తూరుకు పోతాది! రేపు సాయంత్రం నీ సంగతి తేలుస్తా."

మర్నాడు పొద్దున సారు కోమలి బల్ల తట్టాడు. ఆ పిల్ల తలెత్తలేదు. మళ్లీ తట్టాడు. ఊహూ. తొంగి చూస్తే రాజీనామా టైపు చేస్తోంది.

సారు కుర్చీ లాక్కున్నాడు. "ఏం పాపా, డ్యాంపింగు ఎంత ఇచ్చినావు?"

"మరిచిపోయినాను సార్."

"అదే గదా! ఊపును అణిచేది ఏదీ లేదంటే కంప్యూటరు ఊపుతానే ఉంటాది. గ్రాఫులో కొన ఎంత ఎత్తుండాదో నమ్మొద్దు. యాడుండాదో సూడు."

"సెకనుకు ఇరవై నాలుగున్నర ఊపుల కాడ."

"మోటారు సెకనుకు ఎన్ని చుట్లు తిరుగుతాది?"

"ఇరవై నాలు..." కోమలి గభాల్న తలెత్తింది. "రెండూ పక్కపక్కనే ఉండాయి సార్!"

"ఆఁ. ఊపుకు ఊపు తోడైతాది. ఇప్పుడు భయపడు" అన్నాడు సారు, మహా సంతోషంగా.

మధ్యాహ్నానికల్లా అందరం ఫ్యాక్టరీలో ఉన్నాం. మిషను ఆపించి, స్టాండుకు సెన్సరు అతికించి, సారు రబ్బరు సుత్తితో ఒక్కటిచ్చాడు. ఆ అదురు ఎంత తొందరగా చచ్చిపోతుందో చూస్తే అసలు డ్యాంపింగు తెలిసింది. దాన్ని పెట్టి కోమలి మళ్లీ లెక్క కడితే అడుగు కాస్తా మూడున్నర మిల్లీమీటర్లయింది.

"మూడున్నరే గదా!" అన్నాడు మునిప్రసాద్ తేలిగ్గా.

కోమలి స్టాండు కిందికి టార్చి వేసింది. వెల్డింగు మీద సన్నటి పగులు. ఇంకో వారం నడిచుంటే మిషను పక్కనున్న మనుషుల మీదే పడేది. మునిప్రసాద్ పగులునీ కోమలినీ మార్చి మార్చి చూశాడు. స్టాండుకు అడ్డకమ్మీలు వేయమని రిపోర్టు ఆ సాయంత్రమే వెళ్లింది. కోమలి ఉద్యోగం పర్మినెంటు అయింది.

తిరుగుదారిలో కోమలి ఉండబట్టలేక అడిగేసింది. "సార్, దినామూ మా బల్లల్లో ఏం ఇంటారు మీరు?"

"బల్లలో ఏముండాది పాపా, చెత్త చెక్క!" సారు సిగ్గుపడ్డాడు. "తడితే మీరు తలకాయెత్తి నన్ను తిట్టుకుంటారు గదా. ఆ ముఖం సూస్తే తెలుస్తాది, ఎవురు తిన్నారో, ఎవురు ఏడ్చినారో. ఊరికే అడిగితే ఎవురు చెప్తారు?"

ఆఫీసుకు రాగానే ఎవరూ చూడకుండా నా 'తట్టరాదు' కాగితం పీకేశాను.

ఇప్పుడు రోజూ సారు పదకొండు బల్లలూ తట్టి కూర్చోగానే కోమలి లేచి పోయి ఆయన బల్ల తడుతుంది. ఆయన తలెత్తి, "ఏంది పాపా?" అంటాడు. కోమలి ఆయన ముఖం ఒకసారి పరకాయించి చూసి, తన టిఫిన్ డబ్బా మూత తీసి ఆయన ముందుకు జరుపుతుంది.