రాగి చేను మీద ఇంగ్లీషు పాటలు

నిన్న కుప్పం దగ్గర బస్సు ఆగినప్పుడు, పక్కనే ఒక రాగి చేను కనిపించింది. పిట్టలు దిగకుండా కట్టిన మెరుపు రిబ్బను గాలికి జుయ్యిమంటోంది. మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చివరి రోజుల్లో ఆయనకు మతి చెడిందనీ, ప్రాణంగా చూసుకున్న క్యాసెట్టును తానే పీకేశాడనీ ఇంట్లో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు.

ఇంగ్లండు రాక్ బ్యాండు ఒకటి పాడిన పేరున్న పాటలన్నీ ఆ క్యాసెట్టులో ఉండేవి. మదనపల్లెలో చదివేటప్పుడు రికార్డు చేయించుకున్నాడు. పుంగనూరు దగ్గర మా పల్లెలో అవి ఇంకెవరికీ పట్టేవి కావు. ఆయన జబ్బుచేసి మంచం పట్టాక టేప్‌రికార్డరూ చెడిపోయింది.

"ఒక్కసారి ఇంటే సాలు రా" అనేవాడు, అప్పటికి చిన్నపిల్లాణ్ణైన నాతో.

పాట టేపులోనే ఉంటుందని నాకు తెలుసు. చేల మీద కట్టిన పాత టేపు గాలికి మోగడమూ విన్నాను. అందుకే టేపంతా బయటికి లాగి, ఆయన కిటికీ ముందున్న రాగి చేనులో కట్టెలు నాటి కట్టాను.

"చిన్నాయనా, పాటలొస్తాండాయి, ఇను!"

ఆయన చాలాసేపు చేను వైపే చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"సౌండు బాగుండాది రా," అన్నాడు.

సాయంత్రం తాత ఖాళీ క్యాసెట్టు చూసి అరిచాడు. "యెవురు రా దీన్ని పీకింది?"

"నేనే నాయనా," అన్నాడు చిన్నాయన.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

నేను నోరు విప్పలేదు. ఆ రాగులు కోతకు రాకముందే చిన్నాయన పోయాడు. పోయేదాకా ఆయన మతి చక్కగానే ఉంది. పిచ్చివాడన్న పేరును ఇన్నేళ్లూ ఆయన మీద ఉంచేసింది నేనే.