మేటి భార్యను పనికి పిలుచుకెళ్లిన వారం

డిగ్రీ పట్టా ఉంది గానీ నాకు గడ్డపార మీద పట్టు లేదు. అందుకే ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి చెరువులో ఉపాధి పనికి పోతే అత్త తవ్వేది, నేను తట్ట మోసేదాన్ని. పని దగ్గర కూలీల లెక్క చూసే మేటి రోజూ సెల్లో ఫోటో తీస్తాడు. ఫోటోలో ఉంటేనే హాజరు, హాజరుంటేనే కూలి. మేటి అంటే గొప్పవాడని నిఘంటువు అంటుంది. మావాణ్ణి చూసి రాసింది కాదది.

తన చేనిలో కూలి లేకుండా ఊరికే మిరపకాయలు కోయడానికి అత్త రాలేదని, ఒక వారమంతా ఫోటోలోంచి ఆమెను పక్కకు తప్పించాడు.

"ముసల్దానివి, నీకేల ఫోటో? దిష్టి తగుల్తాది" అని నవ్వాడు.

గడప దాటని అతని భార్యకు మాత్రం రోజూ హాజరు. ఆమె బదులు ఎవరో ఒకరు కొంగు కప్పుకుని నిలబడేవారు.

"పగ దేవుడు తీర్చుకుంటాడులేమ్మా" అంది, ఆదివారం చర్చి తప్పని మా అత్త.

"ఆయనకు శానా పనులుంటాయత్తా. ఈ పనికి నేను పోతా."

సోమవారం నలుగురు ఆడవాళ్లతో మేటి ఇంటికి పోయాను. ఆయన భార్య టీ తాగుతోంది.

"అక్కా, బేగా రా, హాజరు పోతాది" అన్నాను. నా గొంతులోని తీపి నాకే వెగటు పుట్టించింది.

"యాడికి?"

"పనికి. రోజూ వస్తాండావంట కదా!"

ఆమెకు ఆ సంగతే తెలియదు. చెరో చెయ్యి పట్టుకుని నడిపించాం. మేటి నోరు తెరిచాడు.

"ఏందీ, నువ్వెందుకొచ్చినావ్?"

"రోజూ వస్తానంట కదా, నువ్వే చెప్పు" అందామె.

అందరి ముందూ వెనక్కి పంపలేకపోయాడు. నేను ఏరికోరి గట్టి నేల చూపించాను. మర్యాదగా నీళ్లు కూడా ఇచ్చాను. మరునాడూ పోయాం, ఆ మరునాడూ పోయాం. చివరికి అతనే నా దగ్గరికొచ్చాడు.

"చదువుకున్నదానివి, వదిలెయ్యమ్మా. ఇంట్లో అన్నం పెట్టడంల్యా."

"అన్నం సంగతి నాకేం తెల్సన్నా?"

గుంతలోంచి అతని భార్య అరిచింది: "ముందు ఆ పెద్దామెను నిలబెట్టి ఫోటో తియ్! ల్యాకుంటే ఇంటికి రావాకు!"

అత్తను నడిమధ్యన నిలబెట్టి తీశాడు. అయితే పోయిన వారం కూలి పోయినట్టే, సెల్లులో తేదీ వెనక్కి పోదట. నేనూ వెనక్కి పోలేదు. అత్త వద్దన్నా, ఆమె పోగొట్టుకున్న వారానికి వారం లెక్కన మేటి తలుపు కొడుతూనే వచ్చాను.

శనివారం, బొబ్బలెక్కిన మేటి భార్య అరచేతులను అత్త తన ఒళ్లో పెట్టుకుంది.

"ఆ కొబ్బరినూనె ఇట్లియ్యమ్మా" అంది.

సీసా నా పక్కనే ఉంది. వినపడనట్టు తట్ట ఎత్తుకుని గట్టు మీదికి నడిచాను.