పదిహేడో నంబరు దిబ్బ

తాస్‌బులక్ అనే చోటు లేదని ఉర్కియాకు ఇరవై ఆరుసార్లు రాతపూర్వకంగా తెలియజేశారు. ఆవిడ కాపురానికొచ్చింది ఆ లోయకే. ముగ్గురు పిల్లల్ని కన్నది అక్కడే. అక్కడి ఊట నీళ్లతోనే టీ కాచింది, చివరికి మొగుణ్ని మట్టిలో పెట్టిందీ అక్కడే. అయినా లేదంటే లేదు.

సోవియట్ దేశంలో చోటుకు కరువా ఏమన్నానా? కానీ అరవై రెండులో అమెరికాను ఓడించడానికి, చలికాలం వీళ్ల గొర్రెలు తలదాచుకునే లోయే కావలసొచ్చింది. రెండు రోజులు గడువిచ్చారు. లారీలొచ్చాయి, ఉన్ని ఫెల్టు గుడారాలూ పెట్టెలూ ఎక్కించుకుపోయాయి. మూడో రోజుకు మూడు వరసల ముళ్లకంచె లేచింది. ఆ యేటి పటంలో లోయ లేదు, ఊట లేదు, వాటి పేర్లూ లేవు. సమాధి అంతకుముందు పటంలో కూడా లేదు కాబట్టి దాన్ని చెరిపే శ్రమ తప్పింది.

ఏటా వసంతంలో ఉర్కియా అర్జీ పెట్టుకునేది. మొగుడి సమాధి దగ్గరకెళ్లి ఒక్కసారి ఖురాన్ చదివించుకుంటానని. ఏటా ఒకే జవాబొచ్చేది: మీరు పేర్కొన్న స్థలం జిల్లాలో లేదు. నాలుగో తరగతితోనే బడి మానేసిన మనిషి గనక, లేని చోటుకు కంచె ఎందుకో, కుక్కలెందుకో ఆవిడ బుర్రకు అందేది కాదు.

అందుకే వెళ్లి ఆ లోయలో వెలసిన రాకెట్ల స్థావరం మొదటి గేటు బయటి భోజనశాలలోనే వంటపనికి చేరింది. ఇరవై ఒక్కేళ్లుగా సైనికులకు సూప్ వండిపెడుతోంది. వంటింటి వెనక కిటికీలోంచి చూస్తే గుట్ట కనబడుతుంది. గుట్టకు అవతలే లోయ. తొమ్మిది వందల అడుగులుంటుందని మరిది దుయ్‌సెన్ లెక్క. కమాండర్ అర్కాది సెమ్యోనిచ్ పొలూఖిన్ మంచివాడే. ఆవిడ చేతి సేమ్యాలు రెండోసారి అడిగి మరీ పెట్టించుకునేవాడు. లోయ మాటెత్తితే మాత్రం "అక్కడేం లేదు అపా, ఉత్త గడ్డి" అనేవాడు, అక్కడివాళ్లలాగే ఆవిణ్ని అక్కా అని పిలుస్తూ. ఆ ఉత్త గడ్డికి రాత్రింబగళ్లు తుపాకులతో కాపలా కాయించేదీ ఆయనే.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో రెండు పెద్ద దేశాలకూ ఉన్నట్టుండి ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టింది. రాకెట్లను పేల్చి పారేస్తామని వీళ్లన్నారు. చూస్తే తప్ప నమ్మమని వాళ్లన్నారు. పేల్చడానికి గోతులు తవ్వుతున్నది ఊట పక్కన పల్లంలోనేనని, ముహూర్తం వచ్చే మంగళవారమేనని దుబాసీ లెఫ్టినెంటు గొర్దెయెవ్ సూప్ తాగుతూ నోరుజారాడు. ఆ పల్లంలోనే ఉర్కియా మొగుడు బెక్‌బొలాత్ పడుకుని ఉన్నాడు. ఇన్నేళ్లూ చూడలేకపోయింది సరే, ఇక చూడ్డానికైనా ఏం మిగలదు.

శుక్రవారం అమెరికావాళ్లు దిగారు. పదిమంది. వాళ్లొస్తే ఎక్కడ దాక్కోవాలో, మూతికి ఏ గుడ్డ కట్టుకోవాలో వంటమనుషులకు కూడా ఏటా శిక్షణ ఇచ్చేవారు. తీరా వచ్చినవాళ్లు టీ కూడా పూర్తిగా తాగకుండా, కంచె దాటి తిన్నగా లోయలోకి నడిచారు. కుక్కలు కూడా మొరగలేదు. కిటికీ దగ్గర నిలబడి చూసింది ఉర్కియా. దగ్గరకొచ్చిన దుయ్‌సెన్‌తో, "చూశావా మరిదీ, నేనూ శత్రువుగా పుట్టి ఉంటే బాగుండేది. ఈపాటికి సమాధి చూసుకునేదాన్ని" అంది.

శనివారం మధ్యాహ్నం విందు. స్థానిక సంప్రదాయం ప్రకారం మర్యాద చెయ్యాలని, అయితే అతిథి మనకన్నా ఒక మెట్టు పైనా ఉండకూడదని, కిందా ఉండకూడదని పైనుంచి కాగితమొచ్చింది. కుర్చీలు కొలిచి వేశారు. జెండాలు అంగుళం తేడా లేకుండా నిలబెట్టారు. ఆ కాగితం రాసినవాళ్లకు తెలియనిది ఒక్కటే, గొర్రెకు తల ఒక్కటే ఉంటుంది. ప్రజల స్నేహం చూపించడానికి ఊరి పెద్దగా దుయ్‌సెన్‌ను పతకాలతో సహా తెచ్చి కూర్చోబెట్టారు.

ఉడికించిన తలను పళ్లెంలో పెట్టుకుని ఉర్కియా లోపలికొచ్చింది. బల్లకు ఆ చివర పొలూఖిన్, ఈ చివర అమెరికా మేజర్ విట్లాక్. ఇద్దరి చూపూ పళ్లెం మీదే. తల ఎవరి ముందు పెడితే వాళ్లు పెద్ద. రాకెట్లు పేల్చుకోవడానికి ఒప్పుకున్నవాళ్లు దీని దగ్గర బిగుసుకుపోయారు. ఉర్కియా ఆచారం ప్రకారం ఇద్దర్నీ అడగవలసిందే అడిగింది.

"మీ నాన్నగారు ఉన్నారా, పోయారా?"

గొర్దెయెవ్ కమాండర్ వైపు చూశాడు. గోడవార కూర్చున్న భద్రతాధికారి పెన్ను తీశాడు. ఇదేం సంకేతమో, ఎవరికి బెదిరింపో వాళ్లకు పాలుపోలేదు. తండ్రి బతికున్నవాడు తల ముట్టకూడదని, తింటే తండ్రికి కీడని, అందుకే అడిగిందని దుయ్‌సెన్ మెల్లగా విడమరిచి చెప్పాడు. మాట రష్యన్ మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లేసరికి కాస్త ఆలస్యమైంది. నాన్న పోయి నాలుగేళ్లయిందన్నాడు మేజరు.

ఇప్పుడందరూ పొలూఖిన్ వైపు తిరిగారు. ఆయన తండ్రి సెమ్యోన్ వొరోనెజ్‌లో దుక్కలా ఉన్నాడు. మూడు రోజుల కిందటే ఎండబెట్టిన ఆపిల్ ముక్కల పార్శిలు పంపాడు. దాన్ని కమాండర్ బల్ల మీద పెట్టింది ఉర్కియానే. ఆ మాట చెబితే తల అమెరికాకు పోతుంది. పోయిందని రాసుకోవడానికి భద్రతాధికారి పెన్ను ఇంకా తెరిచే ఉంది.

"మా నాన్న కూడా పోయాడు" అన్నాడు పొలూఖిన్.

దేశం కోసం చాలామంది చాలా త్యాగాలు చేశారు. ఇంత తొందరగా తండ్రిని చంపుకున్నవాణ్ని ఉర్కియా చూడలేదు. అబద్ధమని బయటపెట్టడానికి నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఇన్నేళ్ల అర్జీలకు జరగని పని ఒక్క అబద్ధానికి జరిగేలా ఉంది మరి.

"ఎప్పుడు పోయారు సెమ్యోనిచ్ గారూ?"

"ఈమధ్యే."

"అయ్యో, మాకు చెప్పనే లేదు. మేం పరాయివాళ్లమా?"

తలను తీసుకొచ్చి ఆయన ముందే పెట్టింది. పెట్టి, రుమాలు కొంగు కళ్లకద్దుకుని రాగం అందుకుంది. వంటింట్లోంచి మిగతా ఆడవాళ్లొచ్చి గొంతు కలిపారు. దుయ్‌సెన్ లేచి పతకాలు గుచ్చుకునేలా కమాండర్‌ను కావిలించుకున్నాడు. అమెరికావాళ్లు కూడా లేచి, తల వంచి నిలబడ్డారు. అందరి పరామర్శలూ గొర్దెయెవ్ అటూ ఇటూ అనువదిస్తూ పోయాడు. తల మీద కొవ్వు గడ్డకట్టింది. పొలూఖిన్ దాన్ని ముట్టుకోలేకపోయాడు.

అప్పుడు దుయ్‌సెన్ మామూలు మాటగానే అన్నాడు. దూరాన పోయినవాళ్ల కోసం దగ్గర్లో ఉన్న సమాధి దగ్గర ఖురాన్ చదవడం తమ పద్ధతని.

"దగ్గరంటే తాస్‌బులకే" అంది ఉర్కియా, కళ్లు తుడుచుకుంటూ.

"అక్కడ సమాధులేం లేవు అపా" అన్నాడు పొలూఖిన్. పదకొండేళ్లుగా అలవాటైన మాట.

ఈ మాట కూడా అనువాదమై అవతలికి పోయింది. మేజరు ఫైలు విప్పి, ఉపగ్రహంలోంచి తీసిన ఫొటో బల్ల మీద పరిచాడు. లోయ, ఊట, గుండ్రటి దిబ్బ. దిబ్బ పక్కన ప్రశ్నార్థకం. పద్దెనిమిదేళ్లుగా ఇదేమిటో తమవాళ్లకు అంతుపట్టలేదని, చుట్టూ తెల్ల రాళ్లు, పక్కనే కాపలా ఉండటంతో భూమిలో దాచిన రాకెట్టే అనుకున్నారని, ఎలాగూ తాను చూసి తీరాలని అతనన్నాడు. ఒప్పందంలో ఆ హక్కుందట.

ఇటు తండ్రి పోయిన దుఃఖం, అటు ఒప్పందం. ఈ రెంటికీ అడ్డం చెప్పే ఆదేశం ఏ కాగితంలోనూ లేదు. పొలూఖిన్ టోపీ పెట్టుకున్నాడు.

మూడు గేట్లూ వరసగా తెరుచుకున్నాయి. ఉర్కియా నడుస్తూ అడుగులు లెక్కపెట్టింది. పదకొండు వందల నలభై. దుయ్‌సెన్ లెక్కలు ఎప్పుడూ అంతే.

సమాధి మీద గడ్డి ఏపుగా పెరిగి, ఏ లారీ చక్రాల కింద పడి ఏమైందోనని ఇన్నేళ్లూ ఆవిడ బెంగ. తీరా చూస్తే ఊరందరి సమాధుల కన్నా ఇదే బాగుంది. చుట్టూ రాళ్లకు కొత్త సున్నం. ఒక్క కలుపు మొక్క లేదు. ఇనుప పలక మీద ఎర్ర రంగుతో, "17వ నంబరు వస్తువు. ముట్టరాదు." పక్కన నిలబడ్డ జవాను వీళ్లను చూసి బూట్లు టకటకలాడించి తుపాకీ ఎత్తి వందనం చేశాడు. సంగతేమిటంటే, అరవై రెండులో ఎవరో గుమాస్తా లోయలో ఉన్నవన్నీ జాబితాలో ఎక్కించాడు. ఇది ఏమిటో అతనికి తెలియలేదు. తర్వాత వచ్చినవాళ్లెవరూ అడగలేదు, రహస్యమేమో అని. ఏటా సున్నం వేశారు, మూడు నెలలకోసారి సంతకం పెట్టారు. పొలూఖిన్ సంతకాలు నలభై దాకా ఉన్నాయి. కింద నుంచి ఒక దేశమూ, ఆకాశం నుంచి ఇంకో దేశమూ ఒక గొర్రెల కాపరిని కంటికి రెప్పలా చూసుకున్నాయి.

ఉర్కియా మోకాళ్ల మీద కూర్చుని మట్టి మీద చెయ్యి ఆనించింది. ఎండకు వెచ్చగా ఉంది. ఈసారి రాగం రాలేదు.

దుయ్‌సెన్ పతకాలు జేబులో వేసుకుని ఖురాన్ చదివాడు. పేర్లు చెప్పే చోట అన్న పేరుతో పాటు వొరోనెజ్ సెమ్యోన్ పేరు కూడా చేర్చాడు. పొలూఖిన్ అందరితో పాటు అరచేతులు మొహానికి అద్దుకున్నాడు.

మేజరు పెన్ను తీశాడు. ఈ వస్తువేమిటో కాగితంలో రాయాలట. గొర్దెయెవ్ ఉర్కియాను పేరు అడిగాడు. మొగుడి పేరు నోటితో ఎలా చెబుతుంది? ఆవిడ మరిది వైపు చూసింది.

"బెక్‌బొలాత్. గొర్రెలు కాసేవాడు" అన్నాడు దుయ్‌సెన్.

మేజరు రాసుకున్నాడు. ఇద్దరు అధికారులూ కింద సంతకాలు చేశారు. ఒకసారి కాగితంలోకెక్కిన వస్తువును రెండు దేశాలూ ఒప్పుకుంటే తప్ప అంగుళం కదపకూడదట. గోతులు రెండు కిలోమీటర్లు దిగువకు జరిగాయి.

ఉర్కియా వంటింటికి తిరిగొచ్చాక పొలూఖిన్ ఒక్కడే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అపా, మా నాన్నకేం కాదు కదా?"

"మీరు తల తినలేదుగా" అంది ఉర్కియా. "అయినా ఒక ఉత్తరం రాయండి."

మంగళవారం పేలుళ్లకు భోజనశాల అద్దాలు రెండు పగిలాయి. ఆ నెలాఖర్లో, వసంతంలో పెట్టుకున్న అర్జీకి జవాబొచ్చింది. అప్పటికి కాపలా జవాన్లు ఆవిడను చూసి గేటు తీయడం అలవాటు చేసుకున్నారు. దిబ్బ పక్కన కూర్చుని విప్పి చదివింది. మీరు పేర్కొన్న స్థలం జిల్లాలో లేదు. ఊటలో సీసా నింపుకుని, బిరడా లేకపోతే ఆ కాగితాన్నే ఉండచుట్టి మూతికి గట్టిగా కూరి, సూప్ వేళ దాటుతోందని లేచింది.