బాపమ్మకు చెప్పిన చుక్కలు

తడిసిన గొంగడి ఎండకు ఆరుతున్న వాసన ఇప్పటికీ ముక్కుకు తగిలితే చాలు, జఫర్‌గఢ్ దగ్గర మా ఊరి వాకిలి, నులక మంచం, ఆ గొంగడి కప్పి నన్ను పొదువుకుని పడుకున్న బాపమ్మ కళ్ల ముందు మెదులుతాయి. మేం నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన తల్లి బాపమ్మ. అప్పుడు, అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని ఊరూరా ఊరేగింపులు. నాకు రెండక్షరాలు నేర్పిన బడి మూతబడింది, మళ్లీ పోనేలేదు. పగలంతా గచ్చకాయలాట, కాల్చిన మక్కకంకులు, పొద్దుగూకితే ఆకాశం. ఊళ్లో కరెంటు లేదు గనుక పాలపుంత ముగ్గుపిండి చల్లినట్టు పరుచుకునేది. అంత చీకటి ఉంటేనే చుక్కలు. చదువు లేకున్నా ఇది నేను ఖాయంగా చెప్పగలను.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఎడ్లతో నీళ్లు తోడే మోటబావి మాకూ మా దాయాదులు పాలివాళ్లకూ ఉమ్మడి. రాత్రి వాళ్ల వంతు, వేగుచుక్క పొడిచాక మాది. చుక్కను చూసి ఇంటిని లేపే పని బాపమ్మది. ఆమె కళ్లకేమో పొర కమ్ముతోంది. ఒకనాడు వేరే చుక్కను చూసి లేపేసింది. బాపు ఎడ్లను తోలుకుపోతే, వంతు గుంజుకోను వచ్చినవా అని పాలివాళ్లు తిట్టి పంపారు.

"నీకు కనబడతలేదే అవ్వా. రేపటి సంది నేనే లేస్త, నువ్వు పండుకో," అన్నాడు బాపు.

ఇంట్లో ఆమెకు మిగిలిన పెద్దరికం అదొక్కటే. ఆ రోజు జొన్న గటక ముట్టలేదు.

మరునాడు కోడి కూయకముందే నన్ను గిల్లింది. "తూర్పు దిక్కు ఏమున్నది బిడ్డా?"

"పెద్ద సుక్క. మిలమిలంటుంది."

"దాని మీద మూడు సుక్కలు వరుసగున్నయా?"

"ఉన్నయే."

"గది గొల్ల కావడి. దాని ఎనుక వచ్చేది దొంగసుక్క, నిన్న నన్ను మోసం జేసింది గిదే."

బాపు అదే వేగుచుక్క అనుకుని అప్పటికే తలపాగా చుడుతున్నాడు.

"ఆగు కొడుకా, ఎడ్లను జర పండనియ్యి."

గొల్ల కావడి బాగా పైకెక్కాక, తాటిచెట్ల సందున ఇంకో చుక్క మిలమిలలాడకుండా నిలకడగా వెలిగింది. చెప్పాను. "గదే వేగుసుక్క. ఇగ లెవ్వు," అంది బాపమ్మ. బాపు మోట కట్టిన కాసేపటికే తూర్పు తెల్లబడింది. ఆయన మళ్లీ తనే లేస్తానన్న మాటెత్తలేదు.

ఇప్పుడా బావి పూడింది, మోటలు పోయాయి, మా ఆయనా పోయాడు. నా కళ్లకూ పొర వస్తే జనగామ దవాఖానలో తీశారు. సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఇంటికొచ్చిన రోజు వాకిట్లో తల ఎత్తితే, వాడకట్టంతా తెల్ల లైట్లు, పైన బూడిద రంగు. చూపు ఉండి ఒక్క చుక్కనూ చూడలేకపోయాను. భూపాలపల్లి అడవి పక్కన మా చెల్లె ఊళ్లో చీకటి ఇంకా మిగిలిందట. ఈ అమాసకు పోతున్నాను.