తాళం వేసిన తరగతిలో హాజరు

ఎవరైనా దయ్యం కనబడిందని చెబితే, "దానికి కాఫీ ఇచ్చినావా?" అని అడిగే మనిషిని నేను. డెబ్భై దాటినా దయ్యాల మీద నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ లేదు. అయినా ఇది రాస్తున్నాను.

అది కరోనా కాలం. తమిళనాట ధర్మపురికి దగ్గర, నల్లంపల్లి పక్కన మా పల్లె. పొద్దుపోక గొణుగుతున్నానని మా అబ్బాయి నాకొక కెమెరా ఇచ్చాడు. పెళ్ళిళ్ళకు వాడే పెద్ద కెమెరా అని ఊళ్ళో చెప్పుకున్నాను. నిజానికి జేబులో పట్టే పాత డబ్బా. దాంతో గోరింకలను, తొండలను, మా కోడలి చేతిలో చీపురును కూడా తీశాను.

నాకున్న రెండో పని, నాలుగో తరగతి చదివే మనవరాలు హేమను ఫోన్ ముందు కూర్చోబెట్టడం. వాళ్ళ టీచరమ్మ సేలంలో తన ఇంటి నుంచే పాఠం చెప్పేది. హేమ కొన్నాళ్ళు కూర్చుని, తర్వాత మొండికేసింది.

"ఇది బడి కాదు తాతా. నేను రాను పో."

బంతిపూల కోతకు పోయే మా కోడలు ఆ మాట విన్నది. "చదవకుంటే వదిలెయ్ మామా. రేపటి నుంచి నాతోనే పూలు కోసేదానికి రానీ."

తమాషాకు అన్న మాట కాదు. అట్లా కోతకు పోయిన పిల్లలు మళ్ళీ పుస్తకం పట్టడం నేను చూడలేదు. భయం వేసింది. హేమతో బేరం పెట్టాను.

"నీ క్లాసు ఫోటో తెచ్చి చూపిస్తే కూర్చుంటావా?"

"నా బెంచీ కూడా కనపడాల."

మరునాడు పొద్దున ఫోన్‌లో పాఠం మొదలయ్యే వేళకు, పోలీసుల కంట పడకుండా గట్ల మీదుగా బడికి పోయాను. తరగతి తలుపుకు తుప్పు పట్టిన తాళం. కిటికీ ఊచల మధ్య చేయి పెట్టి ఫోటోలు తీశాను. బెంచీల మీద దుమ్ము. నల్లబల్ల మీద ఒక్క గీత లేదు. ఇది నా కళ్ళతో చూశాను.

తర్వాత టీ అంగట్లో, లోపల పిల్లలు ఎక్కాలు చదవడం విన్నానని, సుద్దముక్క గాల్లో తేలిందని చెప్పాను. రెండూ కోతలే. నేను విన్నది పావురం గుర్రుమనడం.

ఇంటికి వచ్చి కెమెరా హేమ చేతికిచ్చాను. బొమ్మను పెద్దది చేసి చూసింది.

"తాతా, బోర్డు మీద రాసినారే!"

నిజమే. సుద్దతో ఒక మామిడిపండు, దాన్ని నాలుగు ముక్కలు చేసిన గీతలు. మా బళ్ళలో రోజూ పొద్దున నల్లబల్ల మూలన తేదీ వేసి, మొత్తం పిల్లలెందరో, వచ్చినవారెందరో రాస్తారు. అక్కడ అరవంలో అదే ఉంది. ఆనాటి తేదీ. మొత్తం ఇరవై మూడు. వచ్చినవారు ఇరవై రెండు.

టీచరమ్మకు ఫోన్ చేశాను. ఫోటో సంగతి ఎత్తలేదు. ఈరోజు ఏం పాఠమమ్మా అని మాత్రం అడిగాను.

"భిన్నాలండీ. మామిడిపండు గీసి చెప్పినాను. మీ హేమ తప్ప అందరూ వచ్చినారు."

ఆ సాయంత్రమే మళ్ళీ పోయి కిటికీలోంచి చూశాను. తాళం అట్లే ఉంది. బల్ల నల్లగానే ఉంది.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. చూపిస్తే, "ఏం నాయుడూ, దీంట్లో ఎంత కలిపినావు?" అని నవ్వుతారు. కెమెరాలో తేదీ మార్చడమే చేతకానివాణ్ణి, నల్లబల్ల మీద రాత ఎట్లా కలుపుతాను?

హేమ మాత్రం మరునాడు ఎవరూ పిలవకుండానే ఫోన్ ముందు కూర్చుంది. ఏడాదంతా కూర్చుంది. మా కోడలు పూల మాట మళ్ళీ ఎత్తలేదు.

హేమ అట్లా కూర్చున్న మొదటి రోజే, పాఠం జరుగుతుండగా నేను బడికి పోయి ఇంకో ఫోటో తీశాను. అందులో ఉత్త నల్లబల్లే. పిల్ల మనసు విరగకూడదని కెమెరా దాచి, "ఈరోజు ఇరవై మూడుకు ఇరవై మూడు రాసుందే!" అన్నాను.

హేమ పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"అబద్ధం తాతా. మురుగన్ ఫోన్‌లో ఛార్జు లేక రాలేదు."

నా అబద్ధం ఆ పిల్లకు అంత సులువుగా దొరికింది. మొదటి ఫోటోలోని నిజం మాత్రం ఇంతవరకు నాకు దొరకలేదు.