పత్తి చేలో పచ్చని గీత

తిరుమలగిరి దాటి మెట్ట చేలల్లోకి వెళ్తే మా ఊరు. అక్కడ పంచాయతీ ఆఫీసు పక్క గదిలో కంప్యూటర్ మీద ఊరివాళ్లకు సర్కారు కాగితాలు తీసిచ్చే అలివేలుది గొర్ల కాపరుల ఇల్లు. పెళ్లయ్యాక బస్సులో సూర్యాపేట పోయివస్తూ ఆ పని నేర్చుకుంది. పొద్దున్నే లింగమంతుల స్వామికి దండం పెట్టుకుని, కంప్యూటర్‌కు బొట్టు పెట్టి గాని స్విచ్ వేయదు. ముసలివాళ్లు వస్తే ముందు మంచినీళ్లిస్తుంది. పనేమిటని తర్వాతే అడుగుతుంది.

లోటల్లా ఇంటర్నెట్‌దే. ఒక్క కాగితం బయటికి రావడానికి సగం పూట పట్టేది. విసిగిన జనం కూలి పోగొట్టుకుని సూర్యాపేట బస్సెక్కేవారు. ఇలాగే సాగితే ఆ గది మూసుకోవలసిందే.

2013 ఎండాకాలంలో, పంచాయతీలకు భూమిలోంచి ఇంటర్నెట్ తీగ వేయడానికి ప్రభుత్వం నిధులిచ్చింది. మా ఊరికీ మంజూరైంది. తవ్వే మిషన్ ఊరి దగ్గరిదాకా వచ్చాక రోడ్డు పక్కన పరుపుబండ తగిలింది. ఇక జనార్దన్ పటేల్ పత్తి చెలకలోంచి పోవడం తప్ప దారి లేదు. పటేల్ మిషన్‌కు అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు.

"నీళ్ల పైపుకని తవ్వినప్పుడు అడుగునున్న సుద్దమన్నంత పైకొచ్చింది. రెండేండ్లు ఆడ పత్తి మోకాలెత్తు లేవలే. సర్కారు తీగకిచ్చింది, తవ్వుడుకిచ్చింది. నా చెల్కకేమిచ్చింది?"

పని చూసే లింగస్వామి చేతులు జోడించాడు. "చెల్కకు నిధుల్లేవు పటేలా. పొద్దుగూకేదాక సూస్త. కాదంటే మిషన్ ఇంకో ఊరికి పోతది. మళ్ల ఎప్పుడొస్తదో నాకు గూడ తెల్వదు."

పటేల్ చెడ్డవాడేం కాదు. ఆ మాట మీద ఉండగానే మిషన్ వాళ్లకు ఇంటి నుంచి మజ్జిగ తెప్పించాడు. "తాగుర్రి. తాగినంక మిషన్ మలుపుకపోర్రి."

సంగతి తెలిసి అలివేలు గదికి తాళం వేసి ఎండలో నడిచి వచ్చింది.

"ఏందే అలివేలూ, గొర్ల పెంటల కూసొని ఇంటర్నెట్ సూస్తవా ఇగ?" అన్నాడు పటేల్.

ఆమె నవ్వింది. "ఆ పెంట ముచ్చటే చెప్పొస్తున్న పటేలా. తీగ ఏసి కాలువ పూడ్సినకాడికెల్లి వానలు పడేదాక, ఆ గీత పొడుగూత మా మందను పండబెడత. ఆ సుద్దల పత్తి ఎట్ల లేవదో నేను జూస్త."

రాత్రిపూట మంద పడుకున్న చేను బలం పుంజుకుంటుందని ఇక్కడ అందరికీ తెలుసు. రైతులు కాపరులకు డబ్బిచ్చి మరీ మందలు పెట్టించుకుంటారు.

"ఉత్తగనేనా?"

"ఉత్తగనే."

"మీ ఆయన అచ్చయ్య ఒప్పుకున్నడా?"

"ఒప్పుకుంటడు."

పటేల్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, లేచి మంచం ఎత్తాడు.

ఇంటికొచ్చాక తెలిసింది, భర్త అచ్చయ్య అప్పటికే మందను పక్కూరి రైతుకు ఒప్పుకున్నాడని.

"మంద నాది, మాట నీదా?" అన్నాడు.

అలివేలు కాళ్లకు నీళ్లందించింది. "అడిగేటంత యాళ్ల లేకుండె. మిషన్ పోతే నా గది బంద్ అయితది. ఆ రైతు దగ్గరికి నేను పోయి నచ్చజెప్త."

"వద్దు తల్లీ! నువ్వు పోతే ఆయనకు గూడ ఇంకో మాటిచ్చొస్తవ్."

మర్నాడు తనే వెళ్లి, బావమరిది సత్తయ్య మందను ఆ రైతుకు కుదిర్చి వచ్చాడు. తీగ వేసి కాలువ పూడ్చాక పూటకింత జరుపుతూ తన మందను ఆ గీత వెంటే పడుకోబెట్టాడు. పటేల్ భార్య సువర్ణమ్మ రోజూ అతనికి వేడివేడి జొన్నరొట్టెలు పంపేది.

వానలకు ముందే గదిలో ఇంటర్నెట్ వచ్చింది. ముందుగా వచ్చిన రంగవ్వకు పింఛన్ కాగితం నీళ్లు తాగేలోపే చేతికందింది.

"అప్పుడే అయిపాయెనా? పొద్దుగూకుతదని సద్ది గట్టుకొస్తి గదనే!"

"ఇద్దరం తిందాం, ఇప్పు అవ్వా."

పత్తి పూతకొచ్చేసరికి పటేల్ చేలో ఆ గీత మేర మొక్కలు ముదురుపచ్చగా, నడుమెత్తున లేచాయి. తీగ ఎటు పోయిందో రోడ్డు మీది బస్సులోంచే తెలిసేది. ఒకరోజు భూమి పహాణీ కాగితానికి వచ్చిన పటేల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అలివేలూ, ఇంకో తీగ ఏమన్న ఏసేదుందా? పడమటి చెల్కలకెల్లి తోల్కపొమ్మను, అడ్డం రాను."

అలివేలు కాగితం అతని చేతికిస్తూ అంది.

"నీకు గావాల్సింది తీగ గాదు, మంద. మా ఆయన్నే అడుగు పటేలా. ఈసారి మాట నేనియ్య."